చెయ్యి కాదు, రెండు చేతులు: 48 మంది పిల్లల బడిలో చేతులు కడిగే పైపు – ప్రాజెక్టు డైరీ

బడి: నల్గొండ జిల్లాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. 1 నుంచి 5 తరగతులు, 48 మంది.
నీళ్లు: బోరు, కాస్త ఉప్పన. సబ్బు సరిగ్గా నురగ రాదు.
కావలసినది: మధ్యాహ్న భోజనానికి ముందు అందరూ, బాత్‌రూంకు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఎవరికి వారు, రెండు చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. సార్ చెప్పాల్సిన పని ఉండకూడదు.

దశ 0: కొలతలు

కొత్తగా ఏమీ కట్టకముందు మూడు రోజులు భోజనం బెల్లు వేళ నల్లాల దగ్గర నిలబడి చూశాం. రాసుకున్నవి ఇవి.

1. నల్లాలు నాలుగు, నేల నుంచి 95 సెం.మీ. ఎత్తులో ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లల మోచేయి 65 సెం.మీ. దగ్గరుంటుంది. చేతులు పైకెత్తి కడిగితే నీళ్లు మోచేతుల మీదుగా చొక్కా చేతుల్లోకి కారుతున్నాయి. తడుస్తామని చిన్నపిల్లలు వేళ్ల కొసలు ముంచి వచ్చేస్తున్నారు.
2. నల్లా పూర్తిగా తిప్పితే లీటరు సీసా 7 సెకన్లలో నిండింది. ఒక్కొక్కరు నల్లా కట్టేయకుండా 20 సెకన్లు కడిగితే 48 మందికి 137 లీటర్లు కావాలి.
3. మనిషికి 40 సెకన్ల చొప్పున నాలుగు నల్లాల మీద 48 మందికి 8 నిమిషాలు. అన్నం వాసన వస్తుండగా అన్ని నిమిషాలు వరుసలో నిలబడే పిల్లలు లేరు.
4. సబ్బు లేదు. అంతకుముందు పెట్టినవాటిని కాకులు ఎత్తుకెళ్లాయట.

అన్నిటికంటే ముఖ్యమైనది రెండోరోజు కంటపడింది. బెల్లు కొట్టగానే పిల్లలు సంచుల్లోంచి ప్లేట్లు తీసి పరుగెత్తుతున్నారు. ఎడమచేతిలో ప్లేటు, కుడిచెయ్యి నల్లా కింద. ఆ ఒక్క చేతినీ ఇంకో చేతితో రుద్దే వీలే లేదు. తడిపి, దులిపి, వరుసలో కూర్చుంటున్నారు. ఇళ్లలో కూడా మనం ‘చెయ్యి కడుక్కొని రా’ అనే అంటాం. పిల్లలు చేస్తున్నది అక్షరాలా అదే. గుడ్డు పెట్టే రోజు మాత్రం పెంకు తీయడానికి రెండు చేతులూ వాడతారు, కడగని ఎడమచేతితో సహా.

అందుకే పోస్టర్ల ఆలోచన అక్కడే ఆపేశాం. ముందు రెండు చేతులూ ఖాళీ కావాలి, 12 మంది ఒకేసారి నిలబడాలి, నీళ్లు వాళ్ల ఎత్తులో పడాలి.

దశ 1: అరంగుళం పైపు (పనిచేయలేదు)

ఆలోచన సులువైనది: నల్లాలకు బదులు అడ్డంగా ఒక పైపు, దానికి రంధ్రాలు, మొదట్లో ఒకే వాల్వ్. పిల్లలు తిప్పేది ఏదీ ఉండదు, కాబట్టి విరిగేదీ ఉండదు.

చేసినది:
1. అరంగుళం పీవీసీ పైపు 3.6 మీటర్లు.
2. 30 సెం.మీ.కు ఒకటి చొప్పున 12 రంధ్రాలు, 4 మి.మీ. బిట్టుతో.
3. రంధ్రాలు సరిగ్గా పైపు అడుగున.

ఏమైంది: మొదటి నాలుగు రంధ్రాల్లో ధార దూకింది, ఆ తర్వాత సన్నబడింది, చివరి మూడింటిలో బొట్లు. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 4 మి.మీ. రంధ్రం వైశాల్యం 12.6 చ.మి.మీ.; పన్నెండింటికి 151. అరంగుళం పైపు లోపలి వైశాల్యం దాదాపు 177. అంటే పైపు మోయగలిగినదంతా ముందు రంధ్రాలే తాగేస్తున్నాయి. రంధ్రాలన్నీ కలిపి పైపు వైశాల్యంలో నాలుగో వంతు దాటకుండా చూసుకుంటే చివరిదాకా సమానంగా వస్తుంది.

రెండో తప్పు, రంధ్రాలు అడుగున పెట్టడం. బోరు నీళ్లలో వచ్చే సన్న ఇసుక పైపు అడుగునే పేరుకుంటుంది. వారంలోపే మూడు రంధ్రాలు మూసుకుపోయాయి.

ఖర్చు: పైపు, ఎల్బోలు, డ్రిల్లు బిట్లు రూ.420. ఇప్పటిదాకా మొత్తం: రూ.420 (బిట్లు తప్ప మిగతావి వృథా).

దశ 2: ముప్పావంగుళం పైపు, డ్రమ్ము

మోటారు లైను నుంచి నేరుగా తీసుకుంటే కరెంటు లేనప్పుడు నీళ్లుండవు. 200 లీటర్ల నీలం డ్రమ్ము పెట్టాం. పాత డ్రమ్ము కొంటే అంతకుముందు అందులో ఏముందో అడిగి తెలుసుకోవాలి. పురుగుమందులు, యాసిడ్, రంగులు పోసినవి ఎన్నిసార్లు కడిగినా పిల్లల దగ్గరికి తేకూడదు. ఇది తినే సరుకు వచ్చిన డ్రమ్ము.

మొదట రెండు పాత బెంచీలు కలిపి వాటి మీద నిలబెట్టాం. నిండిన డ్రమ్ము 200 కిలోలపైనే. మూడోరోజుకి ఒక బెంచీ కాలు వంగింది. పిల్లలు కింద తిరిగేచోట ఇంకోసారి చూసే ధైర్యం చేయకూడదు. ఆ సాయంత్రమే దించేసి ఇటుక దిమ్మె కట్టించాం. ఒక్కొక్కటి 60 సెం.మీ. పొడవు, 23 సెం.మీ. మందం, 110 సెం.మీ. ఎత్తుతో రెండు గోడలు, పైన షాబాద్ బండ. 150 ఇటుకలు పట్టాయి.

పైపు పని:
1. డ్రమ్ము అడుగు నుంచి 5 సెం.మీ. పైన ట్యాంక్ నిపుల్ (డ్రమ్ముకు పైపు బిగించే మర ముక్క). మరీ అడుగున పెడితే మడ్డి కూడా వస్తుంది.
2. దాని తర్వాత బాల్ వాల్వ్. ఐదో తరగతి పిల్లలకు అందే ఎత్తులో.
3. ముప్పావంగుళం పైపు 3.6 మీటర్లు, నేల నుంచి 65 సెం.మీ. ఎత్తులో అడ్డంగా, నాలుగు క్లాంపులతో.
4. రంధ్రాలు 12, మధ్య దూరం 30 సెం.మీ. (25 పెట్టి చూస్తే మోచేతులు తగిలి తోపులాట మొదలైంది.)
5. రంధ్రాల దిశ: పైపును చివరి నుంచి గడియారంలా చూస్తే 4 గంటల ముల్లు చూపే వైపు. అడుగున ఇసుక ఉన్నా రంధ్రంలోకి రాదు.
6. చివర అతికించే మూత వద్దు, మరలున్న మూత పెట్టాలి. శనివారం విప్పి వాల్వ్ తెరిస్తే మడ్డి అంతా కొట్టుకుపోతుంది.
7. రంధ్రం వేశాక లోపలి గరుకును పాత బిట్టుతో గీకెయ్యాలి. లేకపోతే ధార వంకరగా పోయి పక్కవాడి మీద పడుతుంది.

రంధ్రం సైజు రెండుసార్లు మార్చాం. 2 మి.మీ. అయితే సగం నిండిన డ్రమ్ముతో 10 సెకన్లకు 80 మి.లీ. వచ్చింది. నీళ్లు ఆదా అయ్యాయి గానీ సబ్బు పోవడానికి చాలాసేపు పట్టి, పిల్లలు జిడ్డుచేతులతోనే వెళ్లిపోయారు. పైగా ఉప్పు నీళ్లకు రంధ్రం చుట్టూ తెల్లగా పేరుకుని ఇంకా సన్నబడింది. 2.5 మి.మీ.కు పెంచితే 10 సెకన్లకు 125 మి.లీ. దగ్గర తేలింది. అదే ఉంచాం.

అంగుళం పైపు ఎందుకు వద్దంటే, వాల్వ్ కట్టేశాక పైపులో మిగిలిన నీళ్లు చాలావరకు రంధ్రాల్లోంచి కారిపోతాయి. అంగుళం పైపులో 1.8 లీటర్లు నిలుస్తాయి, ముప్పావంగుళంలో 1.1. 12 మంది ఉండే ఒక్కో జట్టుకు వాల్వ్ రెండుసార్లు కట్టేస్తారు కాబట్టి ఈ తేడా రోజంతా పెరుగుతూ పోతుంది.

ఖర్చు:
– డ్రమ్ము 1,100; ట్యాంక్ నిపుల్ 90; పైపులు 400; బాల్ వాల్వ్ 140; ఎల్బోలు, క్లాంపులు, మరమూత 190; సొల్యూషన్, టెఫ్లాన్ టేపు 110 = రూ.2,030
– ఇటుకలు 1,350; సిమెంటు 370; ఇసుక 300; బండ 250; మేస్త్రీ 1,000 = రూ.3,270
ఇప్పటిదాకా మొత్తం: రూ.5,720.

దశ 3: వాడిన నీళ్లు ఎక్కడికి

ఈ దశను తేలిగ్గా తీసుకోవడం వల్లే పది రోజులు పోయాయి. పైపు కింద నేల బురదైంది, చెప్పులు వరండాలో విప్పి వచ్చిన పిల్లలు బురదలోకి దిగలేదు. దూరం నుంచే చేతులు చాచి తడుపుకున్నారు.

ఇంకుడు గుంత తవ్వించాం: మీటరు పొడవు, వెడల్పు, లోతు, నిండా రాళ్లు. నాలుగు రోజుల్లో నిండి పొంగింది. అక్కడిది నల్లరేగడి, తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుంది. గుంతకు ముందే చేయాల్సిన పరీక్ష ఇది: 30 సెం.మీ. లోతు చిన్న గుంట తవ్వి, నీళ్లు పోసి ఒకసారి ఇంకనిచ్చి, మళ్లీ నింపి గంటకు ఎన్ని సెం.మీ. దిగిందో కర్రతో కొలవాలి. ఇక్కడ గంటకు 2 సెం.మీ. కూడా దిగలేదు. అలాంటిచోట ఇంకుడు గుంత మీద డబ్బు పెట్టొద్దు.

పైపు కింద గచ్చు చేయించి, రెండున్నర అంగుళాల పైపుతో నీళ్లను ప్రహరీ పక్కన అరటి, మెట్టతామర మొక్కలకు మళ్లించాం. 3 మీటర్లకు 6 సెం.మీ. వాలు. సబ్బునీళ్లు ఆకుకూరలకు పెట్టకూడదు.

ఇంకో ఇబ్బంది: అన్నం తిన్నాక ప్లేట్లు కూడా ఇక్కడే కడగడం మొదలైంది. రెండు రోజుల్లో మెతుకులు జాలీకి అడ్డంపడి పులిసిన వాసన, ఈగలు. ప్లేట్లకు పాత నల్లాలే ఉంచాం. వాటి పక్కన మెతుకులు దులపడానికి ఒక బకెట్టు పెట్టాం, దాన్ని సాయంత్రం గేదెలున్న ఇంటివాళ్లు తీసుకెళ్తున్నారు.

ఖర్చు: పైపు 420, జాలీ 60, కూలీ 800 = రూ.1,280 (గచ్చుకు మిగిలిన సిమెంటు సరిపోయింది). ఇప్పటిదాకా మొత్తం: రూ.7,000.

దశ 4: సబ్బు

ప్రయత్నం 1: సబ్బు బిళ్ల, పెట్టెలో. సాయంత్రానికి సగం ముద్దయింది. మిగతా సగం మర్నాడు కాకి తీసుకెళ్లింది.

ప్రయత్నం 2: ఉల్లిగడ్డల వల సంచిలో బిళ్ల వేసి పైపుకు కట్టడం. కాకుల బెడద తప్పింది. కానీ ఉప్పు నీళ్లలో బిళ్ల సబ్బు నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది. నురగ రాకపోతే పిల్లలకు రుద్దినట్టే అనిపించదు. ఎండకు బిళ్ల పగిలి ముక్కలు రాలాయి.

ప్రయత్నం 3: సబ్బునీళ్లు. ఇదే నిలబడింది.
1. 1.5 లీటర్ల నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి. ముందు గ్లాసెడు నీళ్లలో కరిగించి తర్వాత పొయ్యాలి, లేకపోతే గడ్డలు రంధ్రానికి అడ్డం పడతాయి.
2. లీటరు నీళ్ల సీసాల్లో నింపి, మూతకు కాల్చిన సూదితో 1.5 మి.మీ. రంధ్రం.
3. మనిషికి 3 మి.లీ. మందు సీసాతో వచ్చే కొలత మూతలో ఒకసారి పిండి చూపిస్తే పిల్లలకు అంచనా వచ్చేస్తుంది.

మొదట 2 మి.మీ. రంధ్రం పెడితే ఒక్కో నొక్కుకు 8 మి.లీ. పడింది, మూడు రోజుల్లో సీసాలు ఖాళీ. పొడి 30 గ్రాములు దాటనివ్వొద్దు, చేతులు పొడిబారి మంట పుడుతుంది. చర్మం పగిలే పిల్లలకు విడిగా మామూలు హ్యాండ్‌వాష్ ఉంచాం. సీసాల మీద ‘తాగకూడదు’ అని రాసి ఎర్ర టేపు చుట్టాలి. ఒకటో తరగతికి చదవడం రాదు, ఎర్ర టేపు తెలుస్తుంది.

లెక్క: 48 మందికి ఒక భోజనానికి 144 మి.లీ. ఒకసారి కలిపిన 1.5 లీటర్లు పది భోజనాలకు వస్తాయి.

ఖర్చు: కిలో పొడి రూ.110. ఇప్పటిదాకా మొత్తం: రూ.7,110.

దశ 5: వరుస మార్చడం

ఇక్కడ కొన్నది ఏమీ లేదు, ఫలితం మాత్రం అన్ని దశల్లోకీ ఎక్కువ. పిల్లల ప్లేట్లను ఉదయమే వంట అక్క దగ్గరి బల్ల మీద తరగతివారీగా పేర్పించాం. చేతులు కడిగాకే ప్లేటు చేతికి వస్తుంది. ఎడమచెయ్యి ఆ ఒక్క మార్పుతో ఖాళీ అయింది.

ఇప్పుడు నడుస్తున్న క్రమం:
1. 12 మంది గోడ వైపు తిరిగి నిలబడతారు. ఐదో తరగతి పిల్ల వాల్వ్ తెరిచి మూడంకెలు లెక్కపెట్టి కట్టేస్తుంది.
2. ఇద్దరు సబ్బు పోస్తారు. ఎవరి సబ్బు వాళ్లే పిండుకుంటే పక్కవాడి మొహం మీద పడుతోంది.
3. అందరూ కలిసి రెండో ఎక్కం చెబుతూ రుద్దుతారు. ‘రెండొకట్ల రెండు’ నుంచి ‘రెండు పదుల ఇరవై’ దాకా తాపీగా చెబితే 20 సెకన్లు.
4. వాల్వ్ మళ్లీ తెరిచి 12 అంకెలు. కట్టేశాక కారే నీళ్లతోనే చివరి కడుగు.
5. చేతులు దులిపి, అరచేతులు పైకి చూపిస్తూ ప్లేటు దగ్గరికి.

ఎక్కంతో వచ్చిన చిక్కు: నాలుగైదు తరగతుల వాళ్లు పోటీపడి 9 సెకన్లలో ముగించేశారు. రెండేసి వరుసలకు ఒక కదలిక కట్టేశాక వేగం తగ్గింది: అరచేతులు, చేతుల వెనకవైపు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, అరచేతిలో గోళ్లు. ఒకటో తరగతికి ఎక్కం రాదు, పక్కవాళ్లను చూసి చేతులు కదుపుతారు. రెండు నెలల్లో ఎక్కం కూడా పట్టుకున్నారు.

ఐదో అడుగు వెనకా ఒక కారణం ఉంది. కడుక్కున్న చేతులను నిక్కరుకు తుడుచుకోవడం, కూర్చునేటప్పుడు అరచెయ్యి నేలకు ఆనించడం. ఉమ్మడి తువ్వాలు పెట్టొద్దు, ఒకరి మురికి అందరికీ అంటుతుంది. చేతులు పైకి పెట్టి నడిస్తే వరండా చేరేలోపు చాలావరకు ఆరతాయి. కూర్చునేచోట పట్టా పరిచాం.

నీళ్ల కొలత: డ్రమ్ము లోపలి వ్యాసం 57 సెం.మీ., అంటే నీటిమట్టం ఒక సెం.మీ. దిగితే రెండున్నర లీటర్లు. గీతలు గీసిన కర్ర ముంచి చూస్తే నాలుగు జట్లకు ఆరున్నర సెం.మీ. దిగింది: 16 లీటర్ల పైచిలుకు. 137 లీటర్ల పని 16తో అయింది. సమయం ఆరు నిమిషాలు.

దశ 6: పసుపు పరీక్ష

బోధన కోసం చేసినది ఇదొక్కటే. అర టీస్పూను పసుపు తడిపి చేతులకు రాయించి, సబ్బునీళ్లతో కడిగించాలి. బట్టల సబ్బు పొడి క్షారం కాబట్టి సబ్బు తగిలినచోట పసుపు ఎర్రబడుతుంది, పారాణి కలిపినప్పుడు సున్నం తగిలితే అయినట్టే. తగలనిచోట పసుపుగానే ఉంటుంది. బొటనవేలి వెనక, గోళ్ల చుట్టూ, ఎడమచేతి వెనకవైపు దాదాపు అందరికీ పసుపు మిగిలింది. హ్యాండ్‌వాష్ ద్రవాలతో చాలావాటికి ఈ ఎరుపు రాదు, వాటిలో క్షారం ఉండదు.

48 మందికి 100 గ్రాముల పసుపు చాలు, వంటగదిలోది వాడాం. మొదటిసారి యూనిఫాంలకు మరకలై ఇళ్ల నుంచి మాటపడాల్సి వచ్చింది. తర్వాత నుంచి శనివారం మధ్యాహ్నం, చొక్కా చేతులు పైకి మడిచి చేయించాం. మరకపడిన బట్టను ఉతికి ఎండలో వేస్తే పసుపు తేలిపోతుంది.

అదే శనివారం గోళ్లు కత్తిరించడం. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల నివారణ దినాల్లో బడిలో ఆల్బెండజోల్ మాత్ర నమిలించి మింగిస్తారు. గోళ్లలో మట్టి అలాగే ఉంటే పురుగుల గుడ్లు మళ్లీ నోట్లోకే పోతాయి. మాత్రకు ముందు వారం గోళ్లు చూడటం తప్పనిసరి చేశాం.

దశ 7: బాత్‌రూం దగ్గర (ఇంకా పూర్తికాలేదు)

భోజనం ముందు అందరూ కలిసి చేస్తారు కాబట్టి అలవాటైంది. ఒకటికీ రెంటికీ వెళ్లొచ్చినప్పుడు ఎవరూ చూడరు. పక్కన నిలబడి లెక్కపెడితే మనల్ని చూసి కడుగుతారు, ఆ లెక్కను నమ్మలేం. అందుకే సబ్బు సీసా మీద 20 మి.లీ.కు ఒక గీత గీసి సాయంత్రం చూస్తున్నాం. రోజుకు ఒక్కసారి వెళ్లినా 48 మందికి 144 మి.లీ. తగ్గాలి. మొదటివారం రోజుకు ఒక్క గీత దాటలేదు.

కారణం దూరం. బాత్‌రూం నుంచి పైపు 18 మీటర్లు, మధ్యలో ఆటస్థలం. నల్లా ఉన్న 20 లీటర్ల బకెట్లు రెండు, ఆడపిల్లల వైపు ఒకటి, మగపిల్లల వైపు ఒకటి, తలుపుకు మూడడుగుల దూరంలో పెట్టాం. సాయంత్రం గీతలు నాలుగుకు చేరాయి.

తర్వాత తలుపు నుంచి బకెట్టు దాకా పాదాల గుర్తులు, బకెట్టు పైన గోడకు అరచేతుల గుర్తులు వేశాం. బంగ్లాదేశ్‌లో రెండు ప్రాథమిక పాఠశాలల్లో ఇదే పద్ధతిని పరీక్షించిన అధ్యయనం 2016లో అచ్చయింది. పిల్లలకు పాఠమేమీ చెప్పకుండా, కడిగే చోటు, రంగుల దారి, గుర్తులు ఏర్పాటు చేస్తే బాత్‌రూం తర్వాత సబ్బుతో కడిగేవాళ్లు 4 శాతం నుంచి ఆరు వారాల తర్వాత 74 శాతానికి చేరారు. ఇక్కడ వారం తర్వాత గీతలు ఐదు, అంటే 100 మి.లీ.

రంగు విషయంలో జాగ్రత్త: ఎనామెల్ తడిస్తే జారుతుంది. రంగు ఆరకముందే సన్న ఇసుక చల్లాం. మగపిల్లల వైపు ఒక చిన్న ప్లాస్టిక్ అద్దం కూడా పెట్టాం. జుట్టు దువ్వుకోవడానికైనా అక్కడ ఆగుతున్నారు.

మిగిలిన చిక్కు ఇంటర్వెల్. పది నిమిషాల్లో అందరూ ఒకేసారి వస్తారు, రెండు బకెట్లు చాలడం లేదు. 1, 2 తరగతులను ఐదు నిమిషాల ముందు వదలడం ఈ వారమే మొదలైంది.

ఖర్చు: బకెట్లు 560, రంగు 150, అద్దం 140 = రూ.850. ఇప్పటిదాకా మొత్తం: రూ.7,960.

సెలవుల తర్వాత

వేసవి సెలవుల్లో డ్రమ్ము ఖాళీచేసి బోర్లించి వెళ్లాం, పైపును మరిచాం. జూన్‌లో వాల్వ్ తెరిస్తే ఐదు రంధ్రాలే పనిచేశాయి. మిగతా ఏడింటిలో కందిరీగలు మట్టి పెట్టాయి. బడి తెరవడానికి ముందురోజు చేయాల్సినవి:

1. 2.5 మి.మీ. బిట్టును చేత్తోనే ఒక్కో రంధ్రంలో తిప్పాలి. మేకు వాడితే రంధ్రం పెద్దదవుతుంది.
2. మరమూత విప్పి, సగం డ్రమ్ము నీళ్లు వదలాలి.
3. రంధ్రాల చుట్టూ తెల్లగా పేరుకున్నచోట చింతపండు పులుసు గుడ్డ గంటసేపు చుట్టి, రుద్ది కడగాలి.
4. ఎండకు పైపు పెళుసైందేమో క్లాంపుల దగ్గర చూడాలి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే.
5. ఒక్కో రంధ్రం కింద కొలత గ్లాసు పెట్టి 10 సెకన్లు పట్టాలి. 100 మి.లీ.కు తగ్గినదాన్ని మళ్లీ శుభ్రం చేయాలి.

సెలవుల ముందు రంధ్రాల వరుస మీద పాత సైకిల్ ట్యూబు నిలువునా చీల్చి తొడిగితే కందిరీగలు రావు. ఈసారి ట్యూబు ముక్క 3.6 మీటర్లకు కొలిచి, వాల్వ్ పక్కనే మేకుకు తగిలించి ఉంచాం.